డర్బన్ తెలుగువారి మూలాలకు: ఓడ జాబితానా, ఊరి భూమి రికార్డా?

దక్షిణాఫ్రికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలవారు "మా ముత్తాతది ఏ ఊరు?" అని వెతకడానికి దారులు రెండు: కూలీల వివరాలు రాసిన ఓడ జాబితా, ఊరి భూమి రికార్డు. నేనైతే ముందు ఓడ జాబితానే చూడమంటాను.

1860 నుంచి 1911 దాకా నేటాల్‌కు (డర్బన్ ఉన్న ప్రాంతం), ఎక్కువగా చెరకు తోటల పనికి, వెళ్లిన ఒప్పంద కూలీలు లక్షన్నర మందికి పైనే. మద్రాసులో ఓడెక్కినవారిలో తెలుగువాళ్లు చాలామంది. ఒక్కొక్కరికీ ఒక నంబరు ఇచ్చి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాసుకున్నారు. సెంటు భూమి లేనివాళ్లూ, ఆడవాళ్లూ ఇందులో ఉంటారు. చిక్కల్లా స్పెల్లింగే! తెలుగు రాని గుమాస్తా తోచినట్టు రాసిన ఊరి పేరును బిగ్గరగా చదివి, అసలు ఊరేదో ఊహించాలి. సొంత ఖర్చుతో వెళ్లిన వ్యాపారులు మాత్రం ఈ జాబితాలో దొరకరు.

ఇక భూమి రికార్డు సంగతి: ఊరి రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో (భూముల శిస్తు మళ్లీ ఖరారు చేసినప్పుడు రాసిన పుస్తకం) సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు ఉంటాయి. ఊరు తెలిస్తే మంచిదే, తెలియకపోతే ఎన్నని తిరగేస్తాం? పైగా విశాఖపట్నం, గంజాం వైపు చాలా ఊళ్లు జమీందారీలవి. అక్కడ రైతువారీ సెటిల్‌మెంట్ (భూమిని నేరుగా రైతు పేరనే రాసి శిస్తు ఖరారు చేయడం) జరిగింది 1948 నాటి ఎస్టేట్ల (జమీందారీల) రద్దు చట్టం తర్వాతే. అప్పటికి ఓడెక్కినవాళ్ల తరం దాటిపోయింది. మహా అయితే వాళ్ల అన్నదమ్ముల వారసుల పేర్లు తగలొచ్చు.

పేరొక్కటే కలిసిందని సంబరపడకండి. అప్పన్న, రాములు లాంటి పేర్లు ఊరికి పదిమందికి ఉంటాయి. తండ్రి పేరు, కులం, ఊరు మూడూ సరిపోవాలి.