కలన గణితమా, సాంఖ్యక శాస్త్రమా, ప్రోగ్రామింగా: ఒక్క ఐచ్ఛికానికే చోటుంటే ఏది మేలు?

హైస్కూలు చివరి రెండేళ్లలో తప్పనిసరి సబ్జెక్టులు పోగా విద్యార్థి ఇష్టానికి మిగిలేది చాలాసార్లు ఒక్క పీరియడే. గణితం మీద కొంత పట్టున్న విద్యార్థి ముందు ఆ ఒక్క చోటు కోసం మూడు పాఠ్యాంశాలు పోటీ పడతాయి: కలన గణితం (కాల్క్యులస్), సాంఖ్యక శాస్త్రం (స్టాటిస్టిక్స్), కంప్యూటర్ ప్రోగ్రామింగ్. ఏది సులువు, దేనిలో మార్కులు ఎక్కువ వస్తాయి, ఏది దరఖాస్తులో ఘనంగా కనబడుతుంది అనే లెక్కలతోనే చాలా మంది వీటిని తూస్తారు. ఆ లెక్కలు అనవసరమని అనలేము గాని, వాటికన్నా ముందు వేసుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది. వీటిలో దేన్ని ఇప్పుడు వదిలేస్తే తరువాత సొంతంగా పూడ్చుకోవడం అన్నిటికన్నా కష్టం? బోధించే ఉపాధ్యాయుడు, పక్కన కూర్చుని వాదించే సహపాఠులు, వారం వారం దిద్ది ఇచ్చే జవాబు పత్రాలు అనే వసతులు బడి దాటాక అంత సులభంగా దొరకవు కనుక, అవి లేకపోతే అబ్బని పాఠ్యాంశానికే ఆ పీరియడును కేటాయించడం న్యాయం. ఈ పోలిక అంతటికీ నేను పట్టుకున్న కొలబద్ద ఇదే.

న్యూటన్ 1665-66 ప్రాంతంలో, లైబ్నిజ్ ఆ తరువాతి దశకంలో వేర్వేరుగా రూపొందించిన కలన గణితం మార్పును కొలిచే శాస్త్రం. ఎత్తు నుంచి జారవిడిచిన వస్తువు, గడిచిన సెకన్ల వర్గాన్ని ఇంచుమించు 5తో గుణిస్తే వచ్చినన్ని మీటర్లు కిందికి పడుతుంది. 2వ సెకనుకూ 2.1వ సెకనుకూ నడుమ దాని సగటు వేగం సెకనుకు 20.5 మీటర్లు, 2కూ 2.01కీ నడుమ అయితే 20.05 మీటర్లు. వ్యవధిని కుదించిన కొద్దీ ఈ విలువ 20ని సమీపిస్తుంది, సరిగ్గా 2వ సెకను దగ్గరి వేగం ఆ 20 అని అంటాము. సున్నాతో భాగించే తప్పు చేయకుండా ఒక క్షణపు వేగాన్ని పట్టుకునే ఈ ఉపాయానికే అవధి అని పేరు. ఇలా మార్పు రేటును కనుగొనే అవకలనం, వక్రరేఖ కింది వైశాల్యాన్ని కనుగొనే సమాకలనం రెండూ దాని మీదే నిలబడ్డాయి.

ఈ భావన పదిహేడేళ్ల విద్యార్థికి అందనిదేమీ కాదు. విద్యార్థులు ఎక్కువగా తడబడేది దాని కింద ఉన్న బీజగణితం, త్రికోణమితి దగ్గర. ప్రమేయాలను (ఫంక్షన్లను) స్వేచ్ఛగా మార్చి రాయలేని విద్యార్థి అవకలన సూత్రాలను బట్టీపట్టి పరీక్ష గట్టెక్కవచ్చు గాని, తాను కనుగొన్న విలువ దేనికి సంబంధించిందో చెప్పలేడు. పుస్తకంతోనో వీడియోలతోనో ఒంటరిగా చదివేవారికి ఈ లోపం కంటబడదు, ఎందుకంటే సమాధానం సరిగ్గానే వస్తూ ఉంటుంది. ఎదురుగా నిలబడి 'ఈ మెట్టు ఎందుకు వచ్చింది?' అని అడిగే మనిషి ఉంటేనే అది బయటపడుతుంది. పైగా ఇది మెట్ల వరుస కలిగిన విషయం: అవధి రాకపోతే అవకలనం, అది రాకపోతే సమాకలనం, ఆ రెండూ లేకపోతే అవకలన సమీకరణాలు అర్థం కావు. ఇంజనీరింగ్, భౌతికశాస్త్ర పట్టా కోర్సులు మొదటి సంవత్సరంలోనే ఈ వరుసను వేగంగా దాటిపోతాయి. అక్కడ కలన గణితాన్ని మొదటి నుంచి చెప్పినా, తొలిసారి వినేవారికీ రెండోసారి వినేవారికీ మధ్య దూరం కొన్ని వారాలకే తెలిసిపోతుంది.

సాంఖ్యక శాస్త్రం గురించి ఒక అపోహ బలంగా పాతుకుపోయింది: అది కలన గణితం చేతకానివారి కోసం ఉంచిన తేలిక పాఠం అని. దానికి బీజగణితం తక్కువ చాలన్నది నిజమే. కాని అది కోరే జాగ్రత్త వేరు రకానిది. వందలో ఒకరికి ఉండే జబ్బును కనుగొనే పరీక్ష ఒకటి ఉందనుకుందాం. జబ్బు ఉన్నవారిలో 95 శాతం మందిని అది పట్టుకుంటుంది, లేనివారిలో 5 శాతం మందికి పొరపాటున ఉన్నట్టు చూపుతుంది. పరీక్షలో ఉన్నట్టు తేలిన వ్యక్తికి నిజంగా ఆ జబ్బు ఉండే అవకాశం ఎంత? తొంభై అయిదు శాతమని ఎక్కువమంది తడుముకోకుండా చెబుతారు. పదివేల మందితో లెక్క వేస్తే, జబ్బు ఉన్న 100 మందిలో 95 మంది, లేని 9,900 మందిలో 495 మంది ఉన్నట్టు తేలతారు. మొత్తం 590 మందిలో నిజమైన రోగులు 95 మంది, అంటే సుమారు 16 శాతం. ఇందులో వాడినవి కూడిక, గుణకారం, భాగహారం మాత్రమే. అయినా ఈ ప్రశ్నకు చదువుకున్నవారు సైతం బోల్తా పడతారు.

దీనికన్నా లోతైన ఉదాహరణ అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో 1973 నాటి ప్రవేశాలది. పోస్ట్‌గ్రాడ్యుయేట్ చదువులకు దరఖాస్తు చేసిన పురుషుల్లో సుమారు 44 శాతం మందికి, స్త్రీలలో సుమారు 35 శాతం మందికి సీట్లు దక్కాయి. వివక్ష జరిగిందనిపించే అంకెలే అవి. అయితే శాఖల వారీగా విడదీసి చూసినప్పుడు స్త్రీల పట్ల అలాంటి సార్వత్రిక వివక్ష కనబడలేదు; ఎక్కువమందిని తిరస్కరించే, పోటీ తీవ్రంగా ఉన్న శాఖలకు స్త్రీలు అధికంగా దరఖాస్తు చేయడమే మొత్తం అంకెలో ఆ తేడాను తెచ్చింది. 1975లో ప్రచురితమైన ఈ విశ్లేషణ మంచి సాంఖ్యక తరగతిలో ఒక పూట చర్చకు సరిపోతుంది. గణన అయిదు నిమిషాల్లో ముగుస్తుంది, ఆ గణన ఏ ప్రశ్నకు జవాబో తేల్చడానికి మిగిలిన సమయమంతా పడుతుంది. అందుకే ఈ పాఠ్యాంశంలో మంచి ప్రశ్నపత్రం అంకెతో పాటు వాక్యాన్నీ అడుగుతుంది. అంకె ఒక్కటే అడిగి, సగటు, మధ్యగతం, ప్రామాణిక విచలనం లెక్కించడంతోనే ఏడాది గడిపే కోర్సు అయితే దాన్ని నిస్సంకోచంగా వదులుకోవచ్చు. ఆ పని స్ప్రెడ్‌షీట్ చేసిపెడుతుంది.

మనస్తత్వశాస్త్రం, జీవశాస్త్రం, వైద్యం, సమాజశాస్త్రం చదవబోయేవారికి సాంఖ్యక శాస్త్రం ఎలాగూ తరువాత ఎదురవుతుంది. అలాంటప్పుడు ఇప్పుడే ఎందుకన్న ప్రశ్న సహజం. అక్కడ దాన్ని తరచుగా పరిశోధన పద్ధతుల్లో ఒక భాగంగా, సాఫ్ట్‌వేర్ మీటలు నొక్కే తొందరలో చెబుతారు. సందేహించే అలవాటుకు ముందుగా బడిలో కొంత తీరిక దొరకడం మేలు.

మూడోదైన ప్రోగ్రామింగ్‌కు ఆకర్షణ ఎక్కువ. రాసిన కోడ్ పనిచేసిందో లేదో యంత్రమే వెంటనే చెప్పేస్తుంది. నా కొలబద్ద మీద మాత్రం ఆ గుణమే దాని స్థానాన్ని దించుతుంది. ఉపాధ్యాయుడు దిద్దవలసిన పనిలో చాలా భాగాన్ని యంత్రం చేస్తున్నప్పుడు, పట్టుదల గల విద్యార్థి సెలవుల్లో సొంతంగా చాలా దూరం వెళ్లగలడు. మరో సంగతి కూడా ఉంది. అమెరికాలో హైస్కూలు విద్యార్థులు రాసే, కాలేజీ స్థాయిదైన అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కంప్యూటర్ సైన్స్ పరీక్ష 1984లో పాస్కల్ భాషతో మొదలై, 1999లో సీ ప్లస్ ప్లస్‌కు, 2004లో జావాకు మారింది. ఆ ఇరవై ఏళ్లలోనూ కలన గణితంలో ఒక్క సిద్ధాంతం కూడా పాతబడలేదు. భాషలు మారినా సమస్యను ముక్కలు చేసి ఆలోచించడం, దత్తాంశాలను అమర్చడం, తప్పును వెదికి పట్టుకోవడం మారవన్న వాదన సరైనదే; అయితే ఆ అంశాలను నేర్పే కోర్సునూ ఒక భాష వ్యాకరణాన్ని వల్లె వేయించే కోర్సునూ పేరు చూసి వేరు చేయలేము, సిలబస్ తెరచి చూడవలసిందే.

కంప్యూటర్ సైన్స్‌లో పట్టా చదవాలనుకునే విద్యార్థి బడిలో ప్రోగ్రామింగ్ తీసుకోకపోతే వెనకబడతాడన్న భయం కూడా కొంత అతిగానే ఉంది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ వంటి విశ్వవిద్యాలయాలు ఆ పట్టాకు గణితాన్ని తప్పనిసరి చేశాయి గాని, బడిలో కంప్యూటర్ సైన్స్ చదివి ఉండాలని పట్టుబట్టవు. ప్రోగ్రామింగ్‌ను మొదటి స్థానంలో ఉంచవలసిన సందర్భం ఒకటి ఉంది: ఇంట్లో కంప్యూటర్ లేక, బడిలోని ప్రయోగశాలే ఏకైక దారి అయిన విద్యార్థి విషయంలో పైన చెప్పిన 'సొంతంగా నేర్చుకోవచ్చు' అన్న మాట నిలవదు.

ఇక తీర్పు విషయానికి వస్తే, ఇంజనీరింగ్, భౌతికశాస్త్రం, గణితం, కంప్యూటర్ సైన్స్ వైపు వెళ్లే అవకాశం సగమైనా ఉన్నవారికి కలన గణితమే నా సలహా. అర్థశాస్త్రం చదవాలనుకునేవారికి కలన గణితం, సాంఖ్యక శాస్త్రం రెండూ కావలసినవే, ఎందుకంటే ఇంకొక్క వస్తువు తయారీకి అయ్యే అదనపు ఖర్చైన ఉపాంత వ్యయం ఒక అవకలజం, అంటే ఒక మార్పు రేటు; ధరలకూ గిరాకీకీ ఉన్న సంబంధాన్ని పరీక్షించడం సాంఖ్యక శాస్త్రపు పని. ఒకటే కుదిరితే, పూడ్చుకోవడం కష్టమన్న లెక్కలో అక్కడా కలన గణితమే ముందుంటుంది. మిగిలిన దారులన్నిటికీ, ఏ దారో ఇంకా తేల్చుకోనివారిలో గణితం పట్ల భయం ఉన్నవారికీ సాంఖ్యక శాస్త్రం మేలు. అనేక దేశాల బడుల్లో నడిచే ఇంటర్నేషనల్ బాకలారియేట్ పాఠ్యక్రమం 2019 నుంచి తన గణితాన్ని, విశ్లేషణకు పెద్దపీట వేసేదొకటి, అన్వయాలకూ సాంఖ్యక శాస్త్రానికీ పెద్దపీట వేసేదొకటిగా రెండు కోర్సులు చేసింది. రెండు మార్గాలూ గౌరవమైనవేనని ఆ విభజన చెబుతున్నా, రెండో దానిని ఎంచుకున్నవారిని కొన్ని ఇంజనీరింగ్ విభాగాలు అంగీకరించవు. కాబట్టి విద్యార్థి ముందుగా తాను చేరదలచిన విభాగం ప్రవేశ నిబంధనలు చదవాలి, స్నేహితుల ఎంపికలను ఆ తరువాతే విచారించాలి.

ఇంట్లో కంప్యూటర్ లేని విద్యార్థి విషయం పక్కన పెడితే, ఈ క్రమాన్నంతా తలకిందులు చేయగలిగినది ఒక్కటే: బోధించే వ్యక్తి. కలన గణితం నేర్పే ఉపాధ్యాయుడు సూత్రాలు రాయించి ఊరుకునేవాడై, సాంఖ్యక శాస్త్రం చెప్పేవారు వాదనకు పిలిచేవారైతే, ఇంజనీరింగ్ తప్ప మరే లక్ష్యం ఉన్నవారైనా రెండో తరగతిలో కూర్చోవడమే మంచిది. పై తరగతి విద్యార్థులను 'సార్ బాగా చెబుతారా?' అని అడిగితే మర్యాదకు అవుననే అంటారు. దిద్దిన జవాబు పత్రం ఒకటి చూపించమని అడగడం నయం; ఎర్ర సిరాలో గుర్తులే ఉన్నాయా, మాటలు కూడా ఉన్నాయా అన్నది దానిలో కనబడుతుంది.

చివరి రెండేళ్లలో ఏడాదికొక చోటు చొప్పున రెండు దొరికే అదృష్టవంతులు ముందు కలన గణితం, తరువాత సాంఖ్యక శాస్త్రం తీసుకుంటే క్రమం బాగా కుదురుతుంది. గంట ఆకారపు వక్రరేఖగా కనబడే సాధారణ విభాజనంలో సగటుకు అటూ ఇటూ ఒక ప్రామాణిక విచలనం (విలువలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) లోపల సుమారు 68 శాతం విలువలు ఉంటాయన్న వాక్యంలోని 68 ఒక వక్రరేఖ కింది వైశాల్యం, అంటే ఒక సమాకలని. దాన్ని మామూలు ప్రమేయాలతో సాధించి రాయడం సాధ్యం కాదు. సాంఖ్యక శాస్త్ర పుస్తకాల వెనక అన్నేసి పట్టికలు ఎందుకు అచ్చువేశారో, సమాకలనం చదివి వచ్చిన విద్యార్థికి మాత్రమే తెలుస్తుంది.