జీపు బేరింగులకి పుల్లర్ కిట్టు: ఉప్పునీళ్ళ బాటల్లో ఏళ్ళ తరబడి వాడాక

మాది విడవలూరు వైపు. రొయ్యల గుంటల మీదికి తిరిగేది పాత మహీంద్రా జీపు, సీజే 3బీ. విల్లీస్ వాళ్ళు 1953లో తెచ్చిన మోడల్. బకింగ్‌హామ్ కాలవ పక్కన, ఉప్పునీళ్ళు నిలిచే బాటల్లో తిరిగే బండికి చక్రాల బేరింగులు ఎక్కువ కాలం ఆగవు. ముందు బేరింగులోకి నీళ్ళు రాకుండా ఆపే సీలు పోతుంది, నీళ్ళు దూరతాయి, గ్రీసు మజ్జిగలా తెల్లబడుతుంది, మిగతా పని తుప్పు చూసుకుంటుంది. ప్రతిసారీ నెల్లూరు ఆటోనగర్‌కి పరిగెత్తలేక ఈ కిట్టు కొన్నా. కంపెనీ పేరు చెప్పినా ఉపయోగం లేదు, ఇదే డబ్బాని నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు. లోపల బిగిసిన భాగాల్ని లాగే మూడు కాళ్ళ పుల్లర్, బేరింగు వెనక్కి దూర్చి ఎడం చేసే రెండు ముక్కల స్ప్లిటర్, సీలు పీకే కొక్కెం, రాడ్డు మీద బరువు జార్చి గుంజే స్లైడ్ హామర్ ఉంటాయి.

అన్నిట్లోకీ చవకగా కనపడే కొక్కెమే ఎక్కువ పని చేసింది. మా పక్క అందరూ సీలుని స్క్రూడ్రైవర్‌తో ఎత్తేస్తారు. పాత సీలు ఎట్టాగూ పారేసేదే, అది చిరిగితే ఏం కాదు. కానీ స్క్రూడ్రైవర్ మొన సీలు కూర్చునే గోడని గీరిందంటే, కొత్త సీలు వేసినా ఆ గీత వెంబడే గ్రీసు కారుతుంది. కొక్కేన్ని సీలు పెదవి కిందికి దూర్చి, చుట్టూ తిరుగుతా కొంచెం కొంచెంగా లేపితే గోడకి దెబ్బ తగలదు.

తర్వాతి మార్కులు స్ప్లిటర్‌కి. ముందు చక్రంలో రెండు నట్లు, వాటి మధ్య మడత పెట్టిన లాక్ వాషర్ తీసి హబ్బు (చక్రం మధ్య దిమ్మ) లాగితే అన్నీ చేతికి రావాలి. తుప్పు పట్టిన బండిలో హబ్బు వస్తుంది గానీ లోపలి బేరింగు కోను, అంటే రోలర్లుండే రింగు, స్పిండిల్‌ని (చక్రం తిరిగే ఇరుసు కొసని) కరుచుకుని ఉండిపోతుంది. ఉలి పెట్టి కొడితే స్పిండిల్ మీద గంట్లు పడతాయి. నేనైతే రాత్రి డీజిల్ పోసి వదిలేసి, పొద్దున్నే స్ప్లిటర్ అంచు కోను వెనక్కి దూర్చి, రెండు బోల్టులూ సమంగా బిగిస్తా. ముందు కాస్త సందు పడుతుంది. అప్పుడు పుల్లర్ తగిలిస్తే చాలు.

వెనక హబ్బు దగ్గరే కిట్టు పరువు పోయింది. అక్కడ షాఫ్ట్ కొస టేపరుగా (సన్నబడుతూ) ఉండి, తాళం చెక్కతో, అంటే గాడిలో కూర్చునే ఇనప ముక్కతో, హబ్బు బిగిసి కూర్చుంటుంది. మూడు కాళ్ళ పుల్లర్ స్క్రూ తిప్పుతుంటే కాళ్ళు విచ్చుకుని జారిపోయాయి, ఒకదాని మొన వంగింది కూడా. చివరికి లేత్ షాపులో చక్రం తగిలించే ఐదు స్టడ్‌లకీ బిగించే మందమైన ప్లేటు చేయించుకున్నా. దానికి లొంగని హబ్బు ఇంతవరకూ తగల్లేదు. నట్టుని మాత్రం పూర్తిగా తీయొద్దు, రెండు మరలు వదులు చేసి అక్కడే ఉంచండి. హబ్బు వదిలేటప్పుడు టప్పుమని ఎగురుతుంది, ఎదురుగా మొహం పెట్టి కూర్చునే వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుద్ది.

రేసులకి (హబ్బులో బిగిసి ఉండే బేరింగు బయటి రింగులకి) స్లైడ్ హామర్ వాడమని డబ్బా మీద బొమ్మ వేశారు. దానికంటే ఇత్తడి రాడ్డు నయం. రేసు వెనక అంచు హబ్బు లోపల కాస్త కనపడుతుంది. ఒక దెబ్బ ఇటు, ఒక దెబ్బ దానికి ఎదురుగా కొడితే అడ్డం తిరక్కుండా దిగుతుంది. మరీ మొండికేస్తే రేసు లోపలి ముఖం మీద చుట్టూ వెల్డింగు గీత వేయించండి, చల్లారేటప్పుడు రేసు కుంచించుకుని ఇట్టే ఊడిపోతుంది. పాత రేసుల్లో ఒకటి దాచుకుని, బయటి అంచు కాస్త గ్రైండింగు పట్టిస్తే కొత్తదాన్ని దించడానికి అదే పనికొస్తుంది.

కొట్టుకి వెళ్ళేవాళ్ళకి: ముందు హబ్బులో లోపలా బయటా ఒకటే బేరింగు, కోను నంబరు 18590, కప్పు (అంటే రేసే) నంబరు 18520. బిగించేటప్పుడు చక్రం తిప్పుతా, పట్టేసేదాకా నట్టు బిగించి, ఆరో వంతు చుట్టు వెనక్కి వదలాలి. సీలు స్ప్రింగు వైపు బేరింగు దిక్కుగా ఉండాలి.

ఇప్పుడు కొనేవాళ్ళకి మొత్తం కిట్టు అక్కర్లేదు. స్ప్లిటర్, కొక్కెం విడివిడిగా తీసుకుని, మిగిలిన డబ్బులు ఆ ప్లేటు చేయించడానికి పెట్టండి. స్క్రూ మరలకి వాడిన ప్రతిసారీ గ్రీసు రాయాలి, పొడిగా తిప్పితే మరలు తొందరగా అరిగిపోతాయి.