తుపాను రోజుల్లో ఫోను చార్జింగ్: సైకిల్ డైనమోనా, చేత్తో తిప్పే టార్చినా, పీజో చెప్పులా?

మన నెల్లూరు, ప్రకాశం తీరంలో తుపాను అనగానే గాలివాన కన్నా ముందు కరెంటు గురించే టెన్షన్. 2023 డిసెంబరులో మిగ్‌జాం వచ్చినప్పుడూ అంతే కదా, వాన తెరిపిచ్చినా లైన్లు బాగుచేసేదాకా ఫోను పట్టుకుని జనరేటర్ ఉన్న ఇల్లు వెతుక్కోవాల్సిందే. ఎండ ఉంటే చిన్న సోలార్ ప్లేటుని మించింది లేదు, అందులో వాదనేమీ లేదు. ముసురు పట్టినప్పుడు మాత్రం మన కాళ్లూ చేతులే దిక్కు కాబట్టి, వాటితో కరెంటు పుట్టించే మూడింటిలో ఏది మేలో చెప్తాను.

ముందుగా ఒక మాట, వోల్టులు చూసి మోసపోవద్దు, వాట్లు చూడండి, వోల్టుల్ని కరెంటుతో గుణిస్తే వచ్చేవే వాట్లు.

పీజో బిళ్ల తెలుసుగా, బజర్లలో ఇత్తడి రేకు మీద తెల్లగా అతికించి ఉంటుంది. దాన్ని గట్టిగా తడితే పది, ఇరవై వోల్టులు పుడతాయి. సైన్స్ ఎగ్జిబిషన్లలో పిల్లలు చెప్పుల్లో పెట్టి ఎల్ఈడీ వెలిగించేది దాంతోనే. వోల్టులైతే ఉంటాయి గానీ కరెంటు మరీ స్వల్పం. 1998లో అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ వాళ్లు బూటులో పెట్టి కొలిస్తే నడకకి సగటున 2 మిల్లీవాట్లు కూడా రాలేదు, మిల్లీవాటంటే వాటులో వెయ్యో వంతు. బూటుకి తిరిగే చిన్న జనరేటర్ తగిలిస్తే పావు వాటు దాకా వచ్చింది, కాకపోతే దాంతో నడవడం ఇబ్బంది.

లెక్క వేసుకోండి. బటన్ ఫోను బ్యాటరీ 3.7 వోల్టులది, 1000 ఎంఏహెచ్ అనుకుంటే అందులో పట్టేది 3.7 వాట్ అవర్లు, అంటే 3.7 వాట్లు గంటసేపు. 2 మిల్లీవాట్ల చెప్పులతో అది నిండాలంటే 1850 గంటలు నడవాలి. సైకిల్ డైనమోతో నష్టాలు పోను 2 వాట్లు వచ్చినా రెండు గంటల్లో పని అయిపోతుంది. 5000 ఎంఏహెచ్ స్మార్ట్ ఫోనుకైతే దాదాపు పది గంటలు పడుతుంది, దాన్ని పూర్తిగా నింపాలని చూడకండి, నాలుగు కాల్స్‌కి సరిపడా ఎక్కిస్తే చాలు.

టైరుకి రాసుకుంటూ తిరిగే ఆ సీసా డైనమో 6 వోల్టులు, 3 వాట్లది. వచ్చేది అటూ ఇటూ దిశ మారే ఏసీ కరెంటు, ఫోనుకి కావాల్సింది ఒకే దిశలో పారే డీసీ, అందుకని నాలుగు డయోడ్ల బ్రిడ్జి, ఒక కెపాసిటర్, 5 వోల్టులకి దించే కన్వర్టర్ బోర్డు కావాలి. ఇక్కడ జాగ్రత్త, ఫోను తగిలించకుండా స్పీడుగా తొక్కితే వోల్టేజి 6 దగ్గర ఆగదు, బాగా పైకి లేస్తుంది, కాబట్టి కెపాసిటర్ 50 వోల్టులది తీసుకోండి, కన్వర్టర్ కూడా అంత తట్టుకునేదై ఉండాలి. టైరు తడిసినా బురద పట్టినా డైనమో జారిపోతుంది. అందుకే వెనక చక్రానికి బిగించి, సైకిల్‌ని వసారాలోకి తెచ్చి స్టాండు వేసి, కూర్చుని చేత్తో పెడల్ తిప్పుకోవడం మేలు, ఇంట్లోవాళ్లు వంతులేసుకుంటే ఎవరికీ అలుపు రాదు.

చేత్తో తిప్పే టార్చి, రేడియో కలిసి వచ్చేవాటిని ఫోను చార్జింగ్ కోసం మాత్రం కొనొద్దు. చిన్న పిడి, చిన్న గేర్లు, చెయ్యి పీకుతుంది గానీ ఫోనుకి ఎక్కేది కొంచెమే. వెలుతురుకీ తుపాను వార్తలకీ అయితే ఇంట్లో ఒకటి ఉండాల్సిందే, ఎల్ఈడీకీ రేడియోకీ అంత కరెంటు అక్కర్లేదు. లోపలి చిన్న బ్యాటరీ ఊరికే పడి ఉంటే పాడవుతుంది, అప్పుడప్పుడూ తీసి తిప్పుతూ ఉండండి.

అలాగని పీజో పనికిరాదని కాదు, దాని చోటు వేరు. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల మీద నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు చూడండి. మోటారు 1440 ఆర్పీఎం అంటే నిమిషానికి 1440, సెకనుకి 24 తిరుగుళ్లు, అదురు కూడా ఎక్కువగా ఆ లెక్కనే ఉంటుంది. ఆ అదురుకి సరిగ్గా ఊగేలా పీజో పట్టీని ట్యూన్ చేసి మోటారుకి బిగిస్తే మైక్రోవాట్లలో కరెంటు వస్తుంది, దాన్ని కూడబెట్టి కొన్ని నిమిషాలకోసారి చిన్న రేడియో సిగ్నల్ పంపించొచ్చు, బ్యాటరీ మార్చే పనే లేదు. మోటారు ఆగితే సిగ్నల్ కూడా ఆగుతుంది, అదే హెచ్చరిక. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోయే వేళ ఏరేటర్ ఆగిన సంగతి అరగంట ముందు తెలిస్తే పంట దక్కుతుంది. మన ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు చెప్పుల ప్రాజెక్టు పక్కనపెట్టి దీన్ని పట్టుకుంటే, గుంటల కాడ కాపలా ఉండేవాళ్లు అడిగి మరీ పెట్టించుకుంటారు.