అన్నయ్య కంటి కోసం రెండు ఊళ్లు

సున్నం పడి అన్నయ్య కళ్లు రెండూ కాలాక రెండు ఊళ్లలో ఆసుపత్రులు చూశాం. మొదటిచోట గది అద్దంలా ఉంది, మర్యాదకు లోటు లేదు. కానీ కుడి కంటికి నేరుగా కార్నియా, అంటే నల్లగుడ్డు మీది అద్దం లాంటి పొర, మార్చేశారు. ఆర్నెల్లు తిరక్కుండానే అది మసకబారి, ఎర్రటి నరాలు పాకాయి.

రెండోచోట రెండు గంటలు బెంచీ మీదే కూర్చోబెట్టారు. విసుగొచ్చింది. అయితే డాక్టరుగారు కంట్లో రంగు మందు వేసి, నీలం లైటులో చూసి, అంతా విడమరిచి చెప్పారు. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచుని లింబస్ అంటారట. కార్నియా పైపొరను ఎప్పటికప్పుడు పుట్టించే మూలకణాలు అక్కడే ఉంటాయి. అవి పోతే ఎంత మంచి కార్నియా పెట్టినా నిలవదు. ముందు ఆ కణాలు నాటాలి, కన్ను కుదుటపడ్డాకే కార్నియా సంగతి. ఒక కన్నే దెబ్బతింటే బాగున్న కంటి నుంచి తీస్తారు. 1989లోనే కెన్యన్, సెంగ్ అనే డాక్టర్లు ఆ పద్ధతి ఫలితాలు ప్రచురించారు. రెండూ పోయినవాళ్లకు చనిపోయిన దాతదో, తోబుట్టువుదో కావాలి. ఒకరి కణాలు ఇంకొకరి ఒంటికి ఎంత కలుస్తాయో చూసే హెచ్‌ఎల్‌ఏ పరీక్షలో నాది బాగా కలిసింది. నా కంటికి పైనా కిందా చిన్న ముక్కలు తీసి అన్నయ్య ఎడమ కంటికి కుట్టారు. నాకు కొన్నాళ్లు ఇసుక పడ్డట్టు గరగర, అంతే.

బసకి లాడ్జి వద్దు. కిటికీలోంచి ఎండ సూటిగా కంట్లో కొట్టేది. ఒక్కరోజుకే ఆసుపత్రి వాళ్ల గదికి మారాం. ఇరుకే, కానీ మందపాటి కర్టెన్లు, చుక్కల మందు వేళకి తలుపు తట్టే నర్సు.

అసలు మార్కులు ల్యాబుకి. ఒక తల్లి పిల్లలమైనా నా కణాలు అన్నయ్య ఒంటికి పరాయివే. తిప్పికొట్టకుండా టాక్రోలిమస్ లాంటి మాత్రలు వాడాలి, రక్తంలో మందు ఎంతుందో, కిడ్నీలు ఎలా ఉన్నాయో చూస్తూ ఉండాలి. ఆ రక్తం పొద్దుటి మాత్రకి ముందే ఇవ్వాలి. ఓసారి అన్నయ్య అలవాటు కొద్దీ బస్సులోనే మింగేశాడు. ప్రయాణం దండగ. ల్యాబులో అమ్మాయి కసరలేదు, "మాత్ర జేబులో పెట్టుకు రండి, సూది అయ్యాక ఇక్కడే వేసుకుందురు" అంది. అప్పట్నుంచి చొక్కా జేబులో కాగితం పొట్లం.

మొన్న చెకప్‌లో బోర్డు మీద టోకెన్ నంబరు తనే చూసి లేచాడు. పదిహేడుని పదకొండు అనుకున్నాడు. మాది పదకొండే, ఎప్పుడో దాటిపోయింది.