ఉరి పడేలా ఉన్న నిందితుణ్ని వేరే దేశానికి అప్పగించవచ్చా? ఏది మేలు?

1993 మార్చి 12న ముంబై పేలుళ్లలో 257 మంది చనిపోయారు. ఆ కేసు నిందితుడు అబూ సలేం 2002లో లిస్బన్‌లో దొరికాడు. పోర్చుగల్‌లో ఉరిశిక్ష లేదు. ఇలాంటప్పుడు మనిషిని అలాగే పంపేయవచ్చు, అసలు పంపకుండా ఉండవచ్చు, లేదా ఉరి వేయబోమని మాట తీసుకుని పంపవచ్చు.

అలాగే పంపేయడం కెనడా చేసి చూసింది. 1991లో కాలిఫోర్నియాలో పలు హత్యల కేసు ఉన్న చార్లెస్ ఎన్‌జీని ఏ హామీ లేకుండా అమెరికాకు అప్పగించింది. కాలిఫోర్నియాలో అప్పట్లో గ్యాస్ చాంబర్‌లో చంపేవారు. ఆ చావుకు మనిషిని పంపడం తప్పని 1993లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ తేల్చింది. 2001లో, అమెరికాలో హత్య కేసు ఎదుర్కొంటున్న బర్న్స్ అనే అతని కేసుకు వచ్చేసరికి కెనడా సుప్రీంకోర్టే దారి మార్చుకుంది. చాలా అరుదైన సందర్భంలో తప్ప హామీ తీసుకోవాల్సిందే అంది. హత్య కేసుల్లో శిక్షపడ్డవాళ్లు నిర్దోషులని తర్వాత తేలిన ఉదంతాలు కోర్టును కదిలించాయి. ప్రాణం తీశాక తీర్పు దిద్దలేం కాబట్టి ఈ దారి నాకు ససేమిరా ఒప్పదు.

పంపకపోతే? 1995లో పశ్చిమ బెంగాల్‌లోని పురులియాలో విమానం నుంచి ఆయుధాలు జారవిడిచిన కేసులో నిందితుడైన డెన్మార్క్ పౌరుడు కిమ్ డేవీని అప్పగించడానికి డెన్మార్క్ కోర్టు 2011లో ఒప్పుకోలేదు. అక్కడ అడ్డుపడింది ఉరి కాదు, ఇక్కడ చిత్రహింసలు పెడతారన్న భయం. ఆ భయానికి మన లాకప్పులే కారణం. కానీ మన కోర్టులో అతనిపై విచారణ మాత్రం జరగలేదు.

అందుకే నా ఓటు హామీకి. 1989లో, అమెరికాలోని వర్జీనియాలో హత్య కేసు ఉండి బ్రిటన్‌లో దొరికిన సోరింగ్ కేసులో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు, మరణశిక్ష కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడటమే అమానుషం అంది. హామీ వచ్చాకే బ్రిటన్ అతణ్ని వర్జీనియాకు పంపింది. విచారణ ఆగలేదు. రెండు యావజ్జీవ శిక్షలు పడ్డాయి.

సలేం విషయంలో ఉరి గానీ, 25 ఏళ్లు దాటిన జైలు గానీ ఉండదని 2002లో భారత ప్రభుత్వం మాటిచ్చింది. 2005లో అతను వచ్చాడు. 2017లో అదే కేసులో మరో ఇద్దరికి ఉరిశిక్ష పడితే ఇతనికి యావజ్జీవం పడింది. ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్లకు ఇది ఎంత బాధో నాకు తెలియనిది కాదు. అయినా మాటివ్వకపోతే అతను ఆ బోనులో నిలబడేవాడే కాదు.

హామీకి బలం నిలబెట్టుకోవడంలోనే ఉంది. ఒప్పందంలో లేని అభియోగాలు మోపారని పోర్చుగల్ కోర్టులు తర్వాత ఆ అప్పగింతనే రద్దు చేశాయి. 2022లో మన సుప్రీంకోర్టు మాత్రం స్పష్టంగా చెప్పింది: 25 ఏళ్లు నిండగానే, అంటే 2030లో, ప్రభుత్వం అతణ్ని వదలాలి.