స్ప్రే పెయింటింగ్‌కు సగం ముఖం రెస్పిరేటర్ కిట్: మాస్కు మేలు, కళ్లద్దాలే లోటు

స్ప్రే గన్ వాడేవారి కోసం అమ్ముతున్న ఈ రక్షణ కిట్‌లో ముక్కును, నోటిని, గడ్డాన్ని కప్పే రబ్బరు మాస్కు, దానికి రెండు వైపులా బిగించే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్‌లు (ద్రావకాల ఆవిరిని పట్టే కార్బన్ డబ్బీలు), వాటి మీద అమర్చే ప్రీ-ఫిల్టర్లు (తుంపరను ముందే ఆపే పొరలు), రక్షణ కళ్లద్దాలు, నైట్రైల్ గ్లవ్స్, తలతో సహా ఒళ్లంతా కప్పే డిస్పోజబుల్ తొడుగు, అంటే కవరాల్ ఉన్నాయి. చెక్క సామాన్లకు లక్కర్, ఇనుప పనులకు ఎనామెల్ కొట్టేటప్పుడు నేను దీన్నే వాడుతున్నాను. మాస్కు మీద, కార్ట్రిడ్జ్‌ల మీద నాకు మంచి అభిప్రాయం ఏర్పడింది. కళ్లద్దాలను మాత్రం పెట్టె నిండడానికి వేసినట్టుంది. అయితే ఈ కిట్ దేనికి పనికివస్తుందో, దేనికి పనికిరాదో తెలియకుండా కొనడం వల్ల లేనిపోని ధీమా తప్ప మరేమీ దక్కదు కనుక, ముందుగా ఆ సంగతి చెప్పాలి.

గన్ ట్రిగ్గర్ నొక్కినప్పుడు గాలిలో రెండు వేర్వేరు ప్రమాదాలు పుడతాయి. ఒకటి, రంగు సన్నటి తుంపరగా విడిపోయి తేలే కణాలు. రెండవది, థిన్నర్‌లోని టోలిన్, జైలీన్, అసిటోన్ వంటి ద్రావకాలు ఆవిరై కలిసే వాయువు. మామూలు ఎన్95 మాస్కు మొదటిదాన్ని బాగానే పట్టుకుంటుంది. పట్టుకోవడానికి అతి కష్టమైన 0.3 మైక్రాన్ల ప్రాంతపు కణాల్లో కూడా కనీసం 95 శాతాన్ని ఆపితేనే దానికి ఆ పేరు ఇస్తారు. కానీ ద్రావకపు ఆవిరి అణువుల రూపంలో ఉంటుంది కాబట్టి ఆ గుడ్డ పొరల గుండా అడ్డులేకుండా లోపలికి వచ్చేస్తుంది. ఆ ఆవిరిని ఆపాలంటే యాక్టివేటెడ్ కార్బన్ కావాలి. కొబ్బరి చిప్పల నుంచి కూడా తయారుచేసే ఈ బొగ్గు తన అసంఖ్యాకమైన సూక్ష్మరంధ్రాల గోడలకు ఆవిరి అణువులను అంటించుకుని ఉంచేస్తుంది. ఈ కిట్‌లోని కార్ట్రిడ్జ్ చేసే పని అదే. గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు, ముఖానికి చుట్టుకున్న తువ్వాలు ఇవేవీ ఆ పని చేయలేవు.

ప్రీ-ఫిల్టర్‌ను కార్ట్రిడ్జ్‌కు వెలుపల వేరుగా అమర్చడం ఈ కిట్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన అంశం. తుంపర ముందుగా ఆ పలుచటి పొర మీదే పేరుకుంటుంది. ప్లాస్టిక్ మూతను ఊడదీసి ఆ ఒక్క పొరను మార్చుకుంటే సరిపోతుంది, ఖరీదైన కార్ట్రిడ్జ్ జోలికి పోనవసరం లేదు. ఊపిరి పీల్చడం బరువుగా అనిపిస్తే ప్రీ-ఫిల్టర్ నిండిందని అర్థం. మాస్కు లోపల థిన్నర్ వాసనో రుచో తగిలితే, మాస్కు సరిగా అతుక్కుని ఉన్నప్పటికీ కార్బన్ పని అయిపోయిందని అర్థం. ఈ రెండు సూచనలను కలగలిపి చూసేవారు చాలామంది ఉన్నారు. ఊపిరి తేలికగా ఆడుతోంది కదా అని కార్బన్ ఎప్పుడో నిండిపోయిన కార్ట్రిడ్జ్‌తోనే పని కొనసాగిస్తారు. పైగా వాసనకు ముక్కు త్వరగా అలవాటు పడుతుంది కనుక, దాని కోసం ఎదురుచూడకుండా పని గంటలు రాసిపెట్టుకుని తయారీదారు చెప్పిన గడువు లోపలే మార్చేయడం మేలు. వేడి, తేమ, ఆవిరి గాఢత పెరిగే కొద్దీ ఆ గడువు తగ్గుతుంది.

కార్ట్రిడ్జ్ మీది రంగు పట్టీని చూడకుండా విడిభాగాలు కొనవద్దు. అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ పద్ధతిలో ఆర్గానిక్ ఆవిరికి నలుపు పట్టీ, పీ100 అనే అత్యున్నత శ్రేణి కణాల ఫిల్టర్‌కు మజెంటా పట్టీ ఉంటాయి. ఐరోపా ప్రమాణం ఈఎన్ 14387 ప్రకారం ఆర్గానిక్ ఆవిరిని గోధుమ రంగు, ‘ఏ’ అక్షరం సూచిస్తాయి. ఒక కంపెనీ కార్ట్రిడ్జ్ మరో కంపెనీ మాస్కుకు ఎలాగో బిగిసినా దాన్ని నమ్మడానికి వీల్లేదు.

ఇక మాస్కు సంగతి. ఇది చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో దొరుకుతుంది. అందరూ మధ్య సైజే తీసుకోవడం ఆనవాయితీ అయింది కానీ, ముక్కు వంతెన దగ్గరా గడ్డం కిందా సందు మిగిలితే ఎంత మంచి కార్బన్ ఉన్నా ప్రయోజనం లేదు, ఎందుకంటే గాలి ఎప్పుడూ అడ్డు తక్కువగా ఉన్న దారినే వెతుక్కుంటుంది. ధరించిన ప్రతిసారీ రెండు పరీక్షలు చేయాలి. కార్ట్రిడ్జ్‌ల మీద అరచేతులు మూసి మెల్లగా గాలి పీలిస్తే మాస్కు ముఖానికి అంటుకుని లోపలికి కుంగాలి; తరువాత ఊపిరి వదిలే వాల్వును మూసి మెల్లగా గాలి వదిలితే మాస్కు కొద్దిగా ఉబ్బాలే తప్ప అంచుల నుంచి గాలి జారకూడదు. ఈ మాస్కు అంచు మెత్తగా ఉండటం వల్ల రెండిటిలోనూ తేలికగానే నెగ్గుతుంది. గడ్డం పెంచినవారికి మాత్రం ఇది పనికిరాదు. గీసుకోని రెండు రోజుల గరుకు గడ్డం కూడా అంచును ఎత్తేస్తుంది. నిజానికి అరటిపండు వాసన గల ఐసోఅమైల్ అసిటేట్ ఆవిరితో సరిపాటు పరీక్ష (మాస్కు ముఖానికి సందు లేకుండా సరిపోయిందో లేదో చూసే ఫిట్ టెస్ట్) చేయించుకోవడమే సరైన పద్ధతి. అలా సరిపోయిన సగం ముఖం మాస్కుకు అమెరికా వృత్తి భద్రతా నిబంధనలు ఇచ్చే రక్షణ అంకె 10, అంటే లోపలి గాలిలో కాలుష్యం బయటి దానిలో పదోవంతుకు మించదని లెక్క. పదోవంతు కూడా ఎక్కువే అయ్యే చోట ఈ మాస్కుతో నిలబడకూడదు.

కిట్ పెట్టె మీద ‘అన్ని రకాల పెయింట్లకు’ అని రాయడం నాకు అభ్యంతరకరంగా తోచింది. హార్డెనర్ కలిపి వాడే 2కే పాలియురేథేన్ పెయింట్లలో, బండ్ల మీద కొట్టే క్లియర్ కోట్లలో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. వీటికి హెచ్చరించేంత వాసన ఉండదు; ప్రమాదకరమైన స్థాయి దాటిన తరువాత కూడా ముక్కుకు తెలియకపోవచ్చు. ఒకసారి శరీరం వీటికి అలెర్జీ పెంచుకుంటే, ఆ తరువాత అతి స్వల్ప మోతాదు తగిలినా తీవ్రమైన ఆస్తమా దాడి రావచ్చు, చాలామంది ఆ వృత్తినే వదులుకోవలసి వస్తుంది. చర్మం ద్వారా కూడా ఈ అలెర్జీ మొదలవుతుందని గుర్తించారు. అందువల్ల రంగు కొట్టే బూత్‌లో నిత్యం 2కే కొట్టేవారికి బయటి నుంచి గొట్టం ద్వారా శుభ్రమైన గాలి అందించే పద్ధతినే నిపుణులు సూచిస్తారు. డబ్బా మీద హార్డెనర్, ఐసోసయనేట్ అన్న మాటలు కనిపిస్తే ఈ కిట్‌ను పక్కన పెట్టండి. పాత రంగు ఊడదీసే కొన్ని రసాయనాల్లో ఉండే మిథిలిన్ క్లోరైడ్‌ను కూడా ఈ రకం కార్బన్ ఎంతోసేపు ఆపలేదు. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తక్కువగా ఉండే ట్యాంకుల్లో, మూసిన తొట్లలో ఏ ఫిల్టర్ మాస్కూ ప్రాణం నిలపదు, అది గాలిని వడగడుతుందే కానీ ఆక్సిజన్‌ను తయారుచేయదు.

కళ్లద్దాల పైభాగంలో నేరుగా తెరుచుకునే రంధ్రాలు ఉన్నాయి. దుమ్ము పనికి అవి చాలు కానీ, స్ప్రే తుంపర వాటిలోంచి నేరుగా కంటి మీదికి వస్తుంది. మాస్కు వెచ్చదనానికి అద్దం మసకబారుతుంది, మసకబారగానే ఎవరైనా చేసేది అద్దాలను నుదుటి మీదికి తోసేయడమే. పరోక్ష గాలి మార్గాలు, మసక పట్టని పూత ఉన్న అద్దాలను విడిగా కొనుక్కోవలసి వచ్చింది. రోజంతా స్ప్రే పనిలోనే ఉండేవారు వీటన్నిటి బదులు ముఖమంతా కప్పే రెస్పిరేటర్ తీసుకోవచ్చు. సంఖ్యాత్మక సరిపాటు పరీక్షలో (వాసన బట్టి కాక పరికరంతో లీకును కొలిచే పరీక్ష) నెగ్గితే అమెరికా నిబంధనల్లో దాని రక్షణ అంకె 50, కళ్ల సమస్య కూడా తీరిపోతుంది.

గ్లవ్స్ పలుచటివి. నైట్రైల్ పదార్థం ఎనామెల్ మరకలకు ఓర్చుకుంటుంది కానీ, అసిటోన్ ఉన్న థిన్నర్ దాన్ని నిమిషాల్లోనే ఉబ్బించి లోపలికి చేరుతుంది. గన్ కడిగేటప్పుడు ఆ థిన్నర్‌ను తట్టుకునే దళసరి గ్లవ్స్ వాడాలి. కవరాల్ మీద ఫిర్యాదు లేదు, పైగా అది నూలు బట్టలా పోగులు రాల్చదు కనుక తడి లక్కర్ మీద నలకలు పడటం తగ్గి ఫినిష్ మెరుగైంది. గ్లవ్స్ గురించి మరో మాట: గాలి కలపకుండా పంపు ఒత్తిడితోనే రంగును చిమ్మే ఎయిర్‌లెస్ యంత్రం 3,000 పీఎస్ఐ వరకు ఒత్తిడితో రంగును నెడుతుంది, నాజిల్‌కు వేలు అడ్డం పెడితే ఏ గ్లవ్ ఆపలేదు. పైకి సూది గుచ్చినంత గుర్తే కనిపించినా లోపల రంగు కండరాల్లోకి పాకిపోతుంది కనుక, నొప్పి లేదని ఊరుకోకుండా వెంటనే శస్త్రచికిత్స సౌకర్యం ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి, ఏ రంగు పడిందో చెప్పడానికి డబ్బాను వెంట తీసుకువెళ్లాలి.

భద్రపరచడం గురించి కిట్ పుస్తకంలో ఒక్క వాక్యమే ఉంది, అది చాలదు. కార్బన్ వాడనప్పుడు కూడా చుట్టూ ఉన్న ఆవిరిని పీల్చుకుంటూనే ఉంటుంది, కాబట్టి పని ముగిసిన వెంటనే కార్ట్రిడ్జ్‌లను విప్పి గాలి చొరని సంచిలో మూసి, థిన్నర్ డబ్బాలకు దూరంగా ఉంచాలి. మాస్కును గోరువెచ్చటి నీటితో, తేలికపాటి సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టాలి. థిన్నర్‌తో తుడిస్తే రబ్బరు పగుళ్లు తీస్తుంది. ఊపిరి వదిలే వాల్వు రేకు మీద ఎండిన రంగు చుక్క పడితే అది పూర్తిగా మూసుకోదు, లోపలికి పీల్చేటప్పుడు వడకట్టని గాలి అక్కడి నుంచే వస్తుంది. ఈ కిట్‌లో అదనపు వాల్వు రేకులు ఇవ్వలేదు కానీ విడిగా దొరుకుతాయి. మాస్కు కొనేటప్పుడే ఒక జత తీసిపెట్టుకోండి.