మెట్ల దగ్గర ఎమర్జెన్సీ లైట్లు: వేసవంతా వాడాక నా రివ్యూ

మాది హైదరాబాద్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. జనరేటర్ ఉంది కానీ కరెంట్ పోయాక అది అందుకునేలోపు మెట్ల మీద కళ్లు పొడుచుకున్నా ఏం కనపడదు, ఆ పది పదిహేను సెకన్లలోనే పెద్దవాళ్లెవరైనా దిగుతూ ఉంటే ఏమవుతదో చెప్పక్కర్లేదు. పైగా మంటలు అంటుకుంటే ముందు మెయిన్ ఆపేస్తారు, అప్పుడు జనరేటర్‌ని నమ్ముకోలేం. అందుకే అసోసియేషన్ డబ్బుతో ప్రతి ల్యాండింగ్‌లో రెండు తలల ఎల్ఈడీ ఎమర్జెన్సీ లైట్ పెట్టించాం.

లోపల ఉండేది ఒక బ్యాటరీ, దానికి ఛార్జర్, కరెంట్ ఉందా లేదా అని కనిపెడుతూ ఉండే చిన్న సర్క్యూట్, అంతే. కరెంట్ ఉన్నంతసేపు బ్యాటరీ ఛార్జ్ అవుతది, పోగానే సర్క్యూట్ దాన్ని లైట్‌కి కలిపేస్తది. మావి రెప్పపాటులో వెలుగుతున్నాయి, ఆ విషయంలో ఫుల్ మార్కులు.

లోపలే బ్యాటరీ ఉండే ఇన్వర్టర్ బల్బులు పెడితే చవకలో అయిపోతది కదా అని మా ఫ్లోర్ వాళ్లే అడిగారు. ఆ బల్బు స్విచ్ ఆపితే ఆరిపోతది, కరెంట్ పోతే మాత్రం వెలుగుతది, తేడా దానికెలా తెలుస్తదంటే సప్లై ఆగగానే తన రెండు కొనల మధ్య అవతల వైరింగ్‌లో కరెంట్ పారే దారి ఉందా అని చూస్తది. స్విచ్ ఆన్‌లో ఉంటే అదే లైన్‌లోని ఫ్యాన్లూ లైట్ల గుండా దారి దొరుకుతది కాబట్టి వెలుగుతది. విడి బల్బు కింద రెండు పాయింట్లకీ వేళ్లు ఆనిస్తే వెలిగేది కూడా అందుకే. ఇంట్లో బాగానే పనిచేస్తది. కానీ మెట్ల ఎంసీబీ (ఏదైనా తేడా వస్తే దానంతటదే పడిపోయి లైన్ ఆపేసే స్విచ్) ఒక్కటే ట్రిప్ అయి ఆ లైన్‌లో వేరే లోడ్ ఏం లేకపోతే వెలగకపోవచ్చు, పగలు వాచ్‌మన్ మెట్ల లైట్ల స్విచ్ ఆపేస్తే ఛార్జింగ్ కూడా ఉండదు. మెట్లకి అది వద్దనే నేను గట్టిగా చెప్తా.

వైరింగ్ దగ్గర మాత్రం పక్కనే నిలబడి చేయించుకోండి. మా ఎలక్ట్రీషియన్ వాచ్‌మన్ రూం పాయింట్ నుంచి లాగేద్దాం, వైర్ తగ్గుతది అన్నాడు. అలా చేస్తే మెట్ల లైట్ల లైన్ ఒక్కటే పోయినప్పుడు ఎమర్జెన్సీ లైట్‌కి ఆ సంగతే తెలీదు, దానికి కరెంట్ వస్తూనే ఉంటది కాబట్టి ఆరిపోయే ఉంటది, జనం చీకట్లోనే. మెట్ల లైట్ల సర్క్యూట్ నుంచే, స్విచ్‌కి ముందు నుంచి ఇప్పించాం. లైట్ తలలు కూడా వెలుగు మెట్ల అంచుల మీద పడేలా కిందికి తిప్పించాం, మొదట నేరుగా పెట్టేసరికి పైకొచ్చేవాళ్ల కళ్లలో కొట్టింది.

ఇక నచ్చనివి. డబ్బా మీద 3 గంటలు అని వేశారు, ఎంసీబీ ఆపి చూస్తే 2 గంటలు దాటాక వెలుగు బాగా తగ్గిపోయింది. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ప్రకారం బయటికెళ్లే దారిలో కనీసం గంటన్నర వెలగాలి, ఆ లెక్కన పాసే, కానీ రాసేది నిజం రాయాలి కదా. పై అంతస్తులో స్లాబ్ వేడికి ఒకదాని బ్యాటరీ మే నెలలోనే డల్ అయింది, ఇవి లెడ్ యాసిడ్‌వి, వేడి అస్సలు పడదు వాటికి. షాపువాళ్లు వారంటీలో మార్చిచ్చారు.

టెస్ట్ బటన్ నొక్కితే వెలిగింది కదా అని వదిలేయకండి, నీరసించిన బ్యాటరీ కూడా నాలుగు సెకన్లు వెలుగుతది. నెలకోసారి బటన్, ఏడాదికోసారైనా ఎంసీబీ ఆపి బ్యాటరీ పూర్తిగా దిగేదాకా చూడాలి, మళ్లీ ఛార్జ్ ఎక్కేదాకా టైం పడతది కాబట్టి పగలే చేయండి. కొనేముందు బ్యాటరీ విడిగా దొరుకుతదా అని షాపులో అడగండి, దొరక్కపోతే రెండు మూడేళ్లకి మొత్తం లైటే మార్చాల్సి వస్తది. మా మోడల్‌కి దొరుకుతది, అందుకే 5కి 4 ఇస్తున్నా.